ఏడాదికి ఒకటే చిగురు

మినసోటాలో 2023 నాటి మంచు, ఎండ, వడగళ్ళు ఒక పెరటి హోస్టాలను ఎలా పరీక్షించాయంటే...

హోస్టాను అమెరికాలో చేతకానివాళ్ళ మొక్క అంటారు. నీడలో పెరుగుతుంది. మైనస్ ముప్పై డిగ్రీల చలిని ఓర్చుకుంటుంది. దుబ్బును పారతో రెండుగా చీల్చి చెరోచోట పాతితే రెండూ బతుకుతాయి. ఇరుగుపొరుగు పిలకలు ఇచ్చిపుచ్చుకుంటారు కాబట్టి స్నేహితుల మొక్క అని కూడా పిలుస్తారు. తోటపని కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నర్సరీకి వెళ్తే అడిగీ అడక్కముందే చేతిలో పెట్టేది దీన్నే. "నాటి వదిలెయ్యండి, దాని బతుకు అదే చూసుకుంటుంది" అని భరోసా ఇస్తారు.

మినసోటాలో 2023 వేసవిని చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

మేముండేది జంట నగరాల శివారులో. ఇక్కడ జంట నగరాలంటే మినియాపొలిస్, సెయింట్ పాల్. తెలుగువాళ్ళ ఇళ్ళలో పెరటి ఎండంతా గోంగూరకూ బీరపాదుకూ పచ్చిమిరపకూ పోతుంది. ఆ నాలుగు నెలల ఎండ ఎంత విలువైందో ఆర్నెల్లు మంచు ఎత్తిపోసినవాళ్ళకే తెలుస్తుంది. ఇంటికి ఉత్తరం వైపు, చెట్ల కింద మిగిలిన నేలలో బెండ మొలవదు, బంతి పూయదు. నా హోస్టాలు అక్కడున్నాయి. పూలున్నా, దీన్ని పెంచేది ఆకు కోసమే. గుండె ఆకారంలో, ఈనెలు లోతుగా దిగిన ఆకులు. నీలం, బంగారు రంగు, తెల్ల అంచు, మధ్యలో పసుపు చార... నమోదైన రకాలు వేలల్లో ఉన్నాయి. 'బ్లూ మౌస్ ఇయర్స్' దుబ్బు మొత్తం అన్నం పళ్ళెంలో ఇమిడిపోతుంది. 'ఎంప్రెస్ వూ' నాలుగడుగుల ఎత్తు లేచి, పిల్లలు దాక్కునేంత గుబురవుతుంది.

దీని కష్టమంతా ఆకులోనే ఉంది. గులాబీకి ఒక విడత పూత పాడైతే ఇంకో విడత ఉంటుంది. గోంగూర తుంచేకొద్దీ చిగురు వేస్తుంది. హోస్టాకు ఆ వెసులుబాటు తక్కువ. ఆ ఏడాది ఆకులన్నీ నేలలోని మొగ్గలో ముందే చుట్టుకుని ఉంటాయి. మే నెలలో మొగ్గ పైకి లేచి విచ్చుకుంటుంది. నడివేసవిలో కొన్ని రకాలు ఇంకో నాలుగు ఆకులు తొడుగుతాయేమో గాని, చాలావాటికి వసంతంలో విప్పిందే ఆస్తి. మేలో పడిన చిల్లు అక్టోబరు దాకా కనిపిస్తూనే ఉంటుంది. ఏ ఏడాది ఏం జరిగిందో ఆకు చూసి చెప్పొచ్చు.

2023 ఆకుల మీద చాలా జరిగింది.

మంచు కింద ఎలుకలు

ఆ చలికాలం జంట నగరాల్లో 90 అంగుళాల మంచు పడింది. ఇక్కడి రికార్డుల్లో అది మూడో స్థానం. మొక్కలకు మంచు మంచి దుప్పటి, దాని కింద నేల మరీ బిగుసుకుపోదు. అయితే ఆ వెచ్చదనం వోల్స్‌కు కూడా నచ్చుతుంది. వోల్ అంటే పొట్టి తోక, చిన్న చెవుల ఎలుక జాతి జంతువు. మంచుకూ నేలకూ మధ్య సందుల్లో దారులు చేసుకుని గద్ద కంటపడకుండా చలికాలమంతా మేస్తుంది. హోస్టా వేరు దానికి మహా ఇష్టం. మంచు ఎంత ఎక్కువ రోజులుంటే అంత మేత.

ఏప్రిల్ రెండో వారంలో ఎండ ఉన్నట్టుండి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. కుప్పలన్నీ కరిగాయి. పచ్చిక మీద వంకర టింకర దారులు బయటపడ్డాయి. పేరు రాసిన పలకలు ఎక్కడివక్కడే నిలబడి ఉన్నాయి, వాటి వెనక దుబ్బులు మాత్రం చేత్తో పట్టుకుంటే ఊడి వచ్చాయి. కింద వేరు లేదు. వారం తిరక్కుండా మళ్ళీ మంచు పడింది. ఆ లోపు ఒక్క మొగ్గయినా మిగిలిన ముక్కల్ని ఏరి కుండీల్లో పెట్టాం. మొగ్గ, దాని కింద కాస్త కాండం ఉంటే చాలు, హోస్టా మళ్ళీ వేళ్ళూనుతుంది. ఈ విషయంలో నర్సరీవాళ్ళ మాట నిజమే. కానీ పదేళ్ళ దుబ్బు కుండీలో మూడాకుల పిల్లగా మొదటికొస్తే దాన్ని బతికిందని సంబరపడాలో పోయిందని బాధపడాలో చెప్పడం కష్టం.

అదే నెలలో మా ఉత్తరపు నీడ పోయింది. ఆ నీడంతా ఒక యాష్ చెట్టుది. ఆసియా నుంచి వచ్చిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆకుపచ్చ పెంకుపురుగు 2002లో మిషిగన్‌లో బయటపడింది. 2009లో సెయింట్ పాల్ చేరింది. దాని పిల్లపురుగులు బెరడు కింద మెలికలు తిరుగుతూ తొలిచి చెట్టుకు నీళ్ళందకుండా చేస్తాయి. అప్పటి నుంచి ఈ ఊళ్ళలో వీధుల కొద్దీ యాష్ చెట్లు కొట్టేస్తున్నారు. మా చెట్టు వంతు ఆకు తొడగకముందే వచ్చింది. రంపం పని ఒక పూటలో అయిపోయింది, నీడ తోట కాస్తా మధ్యాహ్నపు ఎండ తోట అయింది.

హోస్టాలో నీలం అంటే నీలం కాదు. ఆకుపచ్చ ఆకు మీద నేరేడు పండుకు పట్టినట్టు సన్నటి మైనపు పొర, అంతే. వేలితో రుద్దితే పోతుంది. ఎండకు కరిగిపోతుంది. మామూలుగా జూలై దాకా నిలిచే 'హాల్సియన్' నీలం ఆ ఏడాది జూన్ మొదటికే వెలిసిపోయింది. 'ఫ్రాన్సిస్ విలియమ్స్' పరిస్థితి ఇంకా అన్యాయం. 1936లో ఫ్రాన్సిస్ విలియమ్స్ అనే ఆవిడ కనెక్టికట్‌లోని ఒక నర్సరీ మొక్కల వరుసలో పసుపు అంచుతో ఉన్న ఒకే ఒక్క మొక్కను గుర్తుపట్టి ఇంటికి తెచ్చుకుంది. ఆ అంచు వల్లే దానికి అంత పేరు. ఆ అంచే దాని బలహీనత. మామూలు ఏడాదిలోనే ఎండిపోయే అంచు ఆ ఏడాది కాగితంలా పెళుసుబారి రాలింది. బంగారు రంగు 'సమ్ అండ్ సబ్‌స్టెన్స్' మాత్రం ఎండ తగిలేసరికి ఇంకాస్త మెరిసింది. కొందరికి కష్టకాలం కలిసొస్తుంది.

జపాన్ కొండల మొక్కకు నీటి కటకట

హోస్టా పుట్టిల్లు జపాన్, కొరియా, చైనా. కొండవాగుల ఒడ్లు, తడి బండల సందులు, వేసవి పొడుగునా వానలు కురిసే చోట్లు. డచ్చివాళ్ళ కొలువులో వైద్యుడిగా నాగసాకి వెళ్ళిన జర్మన్ ఫిలిప్ ఫ్రాంజ్ వాన్ సీబోల్డ్ అక్కడ మొక్కలు పోగేశాడు. గూఢచారి అన్న అనుమానంతో జపాన్ 1829లో అతన్ని బహిష్కరించింది. మనిషిని వెళ్ళగొట్టారు గాని, అతని మొక్కలు ఓడెక్కి యూరప్ చేరాయి. ఇవాళ అమెరికా పెరళ్ళలో ఉన్న పెద్ద నీలి ఆకుల రకాలకు మూలమైన జాతి అతని పేరుతోనే సీబోల్డియానా.

వాన కావాల్సిన మొక్కకు 2023 మే నుంచి వాన లేదు. మినసోటాకు అది వరసగా మూడో కరువు వేసవి. హోస్టాకు వారానికి అంగుళం నీళ్ళు కావాలి. మా ఊళ్ళో సరి, బేసి తేదీల లెక్కన పచ్చికకు నీళ్ళు పెట్టుకోమన్నారు. ఆకుల అంచులు ఎండాయి. కొత్తగా నాటిన దుబ్బులు అంగుళం ఎదగలేదు. జూన్ 14న కెనడా అడవుల మంటల పొగ కమ్మేసి ఆకాశం మట్టి రంగులోకి మారింది. ఆ రోజు తోటలోకి ఎవరూ వెళ్ళలేదు.

ఆ రోజుల్లోనే అమ్మ వీడియో కాల్‌లో అడిగింది. "ఇంతింత నీళ్ళు పోస్తాండావే, తినేదానికి పనికొస్తాదా అది?"

పనికొస్తుంది. జపాన్‌లో హోస్టా లేత మొలకల్ని ఉరుయి అంటారు. యమగాత ప్రాంతంలో దాన్ని కూరగాయగా పండిస్తారు. ఉడకబెట్టి తింటారు, వేయించుకుంటారు. జింకలకు ఈ సంగతి మనకంటే ముందే తెలుసు. రాత్రికి రాత్రి వచ్చి ఆకంతా మేసి కాడలు మాత్రం నిలబెట్టి పోతాయి. కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే మందు చల్లితే దగ్గరికి రావు, వాన పడితే మళ్ళీ చల్లాలి. ఆ ఏడాది వాన లేదు కాబట్టి ఒకసారి చల్లింది చాలాకాలం నిలిచింది. కరువు చేసిన మేలు అదొక్కటే.

జూలైలో ఒక దుబ్బు ఆకులు ఒకటొకటిగా నేలమీద వాలసాగాయి. పురుగు లేదు, చిల్లు లేదు. తొడిమ మొదట్లో మెత్తబడి ఆకు ఊడొస్తోంది. మా నాయన అనంతపురం జిల్లాలో జీవితమంతా శనక్కాయ పండించిన మనిషి. హోస్టా ముఖం ఎప్పుడూ చూడలేదు. ఫోను చూపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు.

"ఫోను కొంచెం కిందికి పెట్టుమ్మా. మొదులు కాడ తెల్లగా దారం మాదిరి బూజుందా?"

"ఉంది నాయనా."

"ఆవగింజలంత ఉండలు కూడా ఉంటాయి చూడు. గోధుమ రంగువి."

ఉన్నాయి.

"ఇంకేముంది, మన శనక్కాయకొచ్చే కాండం కుళ్ళే గదా అది. చెత్తంతా తీసెయ్. పైమన్ను కూడా తీసి పారెయ్. మొదట్లో గాలి ఆడనీ."

తర్వాత ఇక్కడి విశ్వవిద్యాలయం ఫొటోలతో పోల్చి చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రాయలసీమ వేరుశనగను కుళ్ళబెట్టే స్క్లెరోషియం రోల్ఫ్సియై అనే శిలీంధ్రానికి చలి ప్రాంతాల్లో బతకగలిగిన దగ్గరి చుట్టం ఒకటుంది. హోస్టా తొడిమను కుళ్ళబెట్టేది అదే. ఆ ఆవగింజంత ఉండలు నేలలో ఏళ్ళ తరబడి నిద్రపోయి, వెచ్చటి తేమ తగలగానే మేలుకుంటాయి. కరువులో తేమ నిలవాలని మొదళ్ళ చుట్టూ మందంగా పరిచే బెరడు పొర, దాని మీద రోజూ పడే పైపు నీళ్ళు దానికి సరిపోయాయి. నీళ్ళు కాపాడే పద్ధతే తెగులును కూడా కాపాడుతుంది. ఈ చిక్కుకు తేలిక విరుగుడు లేదు. బెరడు పొరను మొదలుకు తగలకుండా జానెడు దూరం జరపడమే.

సిరా కారిన ఈనెలు

ఇవన్నీ కళ్ళకు కనిపించే శత్రువులు. కనిపించని శత్రువు గురించి హోస్టా పెంచేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు. దాని పేరు హోస్టా వైరస్ ఎక్స్. 1996లో మినసోటా విశ్వవిద్యాలయంలో బెన్ లాక్‌హార్ట్ అనే శాస్త్రవేత్త దీన్ని గుర్తించారు. మొక్కల వైరస్‌లను చాలావరకు పురుగులు మోస్తాయి. దీన్ని మోసేది మనిషి. రోగమున్న ఆకును కోసిన కత్తెరకో, చేతికో, పారకో అంటిన రసం తర్వాతి మొక్క గాయానికి తగిలితే చాలు. దుబ్బును చీల్చి పంచుకోవడం స్నేహమైతే, ఈ వైరస్ బతికేది ఆ స్నేహం మీదే.

లేత రంగు ఆకు మీద ఈనెల వెంబడి ముదురు ఆకుపచ్చ సిరా కారినట్టు మరకలు, అక్కడక్కడ ముడతలు, ఉబ్బెత్తులు దీని గుర్తులు. 'గోల్డ్ స్టాండర్డ్', 'సమ్ అండ్ సబ్‌స్టెన్స్' లాంటి పసుపు ఆకుల మీద స్పష్టంగా కనిపిస్తాయి. కొన్ని రకాల్లో ఏళ్ళ తరబడి ఏమీ కనిపించదు. వైరస్ సంగతి అందరికీ తెలియకముందు ఈ మరకల్ని అందంగా భావించారు. 'బ్రేక్‌డాన్స్', 'లెపర్డ్ ఫ్రాగ్' లాంటి పేర్లు పెట్టి కొత్త రకాలుగా అమ్మారు. జనం ఎక్కువ డబ్బు పెట్టి మరీ రోగాన్ని కొనుక్కున్నారు. 17వ శతాబ్దపు హాలండులో చారల తులిప్ దుంపలకు వెర్రి ధరలు పలికినప్పుడూ ఆ చారల వెనకున్నది వైరసే. వింతకు మనిషి ఇచ్చే ధర మూడొందల ఏళ్ళలో పెద్దగా మారలేదు.

మందు లేదు. అనుమానమొస్తే ఆకు ముక్కను నలిపి ఆ రసంలో పరీక్ష పట్టీ ముంచాలి. కోవిడ్ తర్వాత ఆ గీతలు చదవడం ఎవరికీ నేర్పక్కర్లేదు. మా 'గోల్డ్ స్టాండర్డ్'కు రెండో గీత వచ్చింది. ఎండలోనూ కరువులోనూ అన్నిటికంటే బాగా నిలబడిన దుబ్బు అదే. వేళ్ళతో సహా తవ్వి, ఎరువు కుప్పలో కాకుండా సంచిలో కట్టి చెత్తలో వేశాం. పారకు బ్లీచ్ పెట్టి కడిగాం. నేలలో మిగిలిన వేరుముక్కలు పూర్తిగా కుళ్ళేదాకా అక్కడ ఇంకో హోస్టా నాటకూడదు. ఆ చోట ఫెర్న్ పెట్టాం. ఇరుగుపొరుగులకు పిలకలు పంచే ముందు పరీక్ష చేయాలంటే మొహమాటంగా ఉంటుంది, తీసుకునేవాళ్ళకూ ఇబ్బందే. అయినా చేయాల్సిందే అని నా అభిప్రాయం. ఊరికే వచ్చిన మొక్క ఉన్న తోటనంతా పోగొట్టొచ్చు.

ఆగస్టు 11 శుక్రవారం వడగళ్ళు పడ్డాయి. జంట నగరాల చుట్టుపక్కల ఆ ఒక్క రోజు నష్టం వంద కోట్ల డాలర్లు దాటిందని అమెరికా వాతావరణ సంస్థ నోవా లెక్క. కొన్ని నిమిషాల పని. తర్వాత బయటికెళ్తే ఉత్తరం పక్కంతా పచ్చడి. ఎండకు మెరిసిన 'సమ్ అండ్ సబ్‌స్టెన్స్' ఆకులు పీలికలై కాడలకు వేలాడుతున్నాయి. 'ఎంప్రెస్ వూ' ఆకుల మీద పిడికిలి పట్టే కంతలు. చూరు కింద ఉండడంతో 'బ్లూ మౌస్ ఇయర్స్'కు ఏమీ కాలేదు. మర్నాటి నుంచి పైకప్పులు వేసే కంపెనీలవాళ్ళు వరసగా తలుపు తట్టారు. పైకప్పుకు బీమా ఉంది, ఆకులకు లేదు.

చిరిగిన ఆకుల్ని కోసేస్తే తోట శుభ్రంగా కనిపిస్తుంది. చూసినవాళ్ళందరూ అదే సలహా ఇచ్చారు. కానీ వచ్చే ఏడాది ఆకులు తయారయ్యేది ఈ ఆకులు వండిన తిండితోనే. ఆగస్టు నుంచి మంచు పడేదాకా నేల కింద మొగ్గ కట్టే కాలం. సగం చిరిగినా పచ్చగా ఉన్నంత మేర ఆకు పని చేస్తూనే ఉంటుంది. పూర్తిగా నుజ్జయినవి తీసి మిగతావి వదిలేయడమే మంచిది, చూడ్డానికి ఎంత దరిద్రంగా ఉన్నా. అతిథులు వచ్చినప్పుడల్లా రెండు నెలల పాటు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

ఒక్క మొక్కకు ఆ ఇబ్బంది లేకపోయింది. హోస్టా ప్లాంటజీనియా చైనా జాతి. మిగతా జాతులకంటే వెచ్చటి చోటు నుంచి వచ్చింది, ఎండను ఇష్టపడుతుంది. వేసవంతా కొత్త ఆకు తొడుగుతూనే ఉంటుంది. వడగళ్ళకు పాడైన ఆకుల మధ్య నుంచి వారంలోనే లేత ఆకులు లేచాయి. ఆగస్టు చివరికి పొడవాటి తెల్లపూలు సాయంత్రాలు విచ్చుకోసాగాయి. ఆ వాసన మన పెళ్ళి దండల్లో గుచ్చే లిల్లీని, అంటే నేలసంపెంగను, గుర్తు చేస్తుంది. వృక్షశాస్త్రం ప్రకారం రెండూ ఒకే ఉపకుటుంబం. గట్ల మీది కిత్తనార కూడా ఆ ఇంటిదే.

చుట్టరికం ఉంది కదా, హైదరాబాదులో పెంచొచ్చా అని అడుగుతారు. పెంచలేం. హోస్టాకు ఏటా కొన్ని వారాలపాటు గడ్డకట్టే స్థాయికి దగ్గరి చలిలో నిద్ర కావాలి. ఆ నిద్ర లేకపోతే ఏటేటా చిక్కిపోయి చస్తుంది. ఫ్లోరిడాలో కొందరు దుబ్బుల్ని ఫ్రిజ్‌లో పెట్టి చలికాలం వచ్చిందని నమ్మిస్తారు. అంత అవస్థ అనవసరం. నీడపట్టు ఆకు అందమే కావాలంటే తెలుగు నేలకు కలాడియం ఉంది, ఆగ్లోనీమా ఉంది. మన వేడికి అవే రాణిస్తాయి.

అక్టోబరు 1న ఎండ ఎంత కాసిందంటే జంట నగరాల మారథాన్‌ను ఆ పొద్దున రద్దు చేశారు. తర్వాత అదే నెలలో మంచు పట్టి ఆకులు కూలాయి, నెలాఖరుకు హాలోవీన్ నాడు తెల్లగా పరుచుకుంది. ఈసారి వోల్స్ కోసం మిగిలిన దుబ్బుల చుట్టూ సన్నకంత ఇనుప జాలీ పాతాం. ఆ చలికాలం జంట నగరాల చరిత్రలోనే అత్యంత వెచ్చటిది. మంచు పడీ పడనట్టు పడింది, వోల్స్ దాక్కునే చోటే లేదు. జాలీకి పెట్టిన ఖర్చు వృథా.

2024 వసంతంలో వానలు మొదలయ్యాయి. ఏప్రిల్, మే, జూన్ కురుస్తూనే ఉంది. కరువు పోయింది. ఎదుటింటి పెద్దాయన కంచె అవతలి నుంచి "ఇక నీ హోస్టాలకు పండగే" అన్నాడు. నిజమే, ఆకులు ఎప్పుడూ లేనంత పెద్దవొచ్చాయి. జూన్ రెండో వారంలో వాటికి ఈనెల మధ్య గుండ్రటి చిల్లులు పడ్డం మొదలైంది, పొద్దున్నే వెండి చారలు కనిపించాయి. ఎండ ఏడాదిలో మర్చిపోయిన స్లగ్స్, అంటే గుల్లలేని నత్తలు, తిరిగొచ్చాయి. గుడ్డు పెంకులు, రాగి పట్టీలు, బెరడు చుట్టండని ఎవరి చిట్కా వాళ్ళు చెబుతారు. బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2018లో అలాంటి అడ్డంకుల్ని లెట్యూస్ మొక్కల చుట్టూ పెట్టి పరీక్షిస్తే ఒక్కటీ నష్టాన్ని తగ్గించలేదు. కాస్తో కూస్తో పనిచేసేవి ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు, రాత్రి పది దాటాక టార్చి, సబ్బు నీళ్ళ బకెట్. బకెట్ మా అబ్బాయి పట్టుకుంటాడు, ఏరడం నా పని.